రాణిగారి వరస

ఇంగ్లీషువాడికి చుట్టాలంటే ఎంత చులకనో తెలుసుకోవడానికి కజిన్ అనే ఒక్క మాట చాలు. పెదనాన్న కొడుకూ కజినే, మేనమామ కూతురూ కజినే. ఆడో మగో చెప్పడు, పెద్దో చిన్నో చెప్పడు, పెళ్లాడదగిన మనిషో తోబుట్టువు అనుకోవలసిన మనిషో అసలే చెప్పడు. ఇంత బాధ్యత లేని మాట పెట్టుకుని వాళ్లు ఇన్ని శతాబ్దాలు కాపురాలు ఎలా చేశారో భగవంతుడికే తెలియాలి. ఆ మాట ఒకనాడు ఒక కాగితం మీద కూర్చుని మన అతిథి మర్యాదల శాఖలోకి వచ్చింది. తరవాత జరిగిన భాగోతానికి బాధ్యత మొత్తం దానిదే.

ఆ శాఖలో ఇందుమతి అనువాదకురాలు. శాఖకు డైరెక్టరు చెన్నాప్రగడ సోమశంకరం గారు ఆమెకు స్వయానా పెదనాన్న. చిన్నప్పుడే తల్లీతండ్రీ పోతే ఆయన ఇంట్లోనే పెరిగింది. ఆఫీసులో ఆయన్ని సార్ అనాలి, ఇంట్లో పెదనాన్నా అనాలి. ఒకసారి పొరపాటున ఇంట్లో సార్ అంటే, అన్నం తింటున్నవాడల్లా "ఫైలు పెట్టమ్మా" అన్నాడాయన. మనిషి చెడ్డవాడు కాదు. కాకపోతే మర్యాద అంటే ప్రాణం, వరస అంటే అంతకన్నా ప్రాణం.

ఆ వరసే ఇందుమతి కొంప ముంచింది. ఆమె సుధీంద్ర అనే కుర్రాణ్ణి పెళ్లి చేసుకోవాలనుకుంది. ఉద్యానవన శాఖలో ఉద్యోగం, నెమ్మదైన మనిషి, ప్రభుత్వ సభల్లో వేదికల మీద పూల అలంకరణ అతని చేతి మీదుగానే జరుగుతుంది. కులం కుదిరింది, గోత్రాలు వేరు, జాతకాలు కూడా నోరు మూసుకున్నాయి. సోమశంకరం గారు మాత్రం తల అడ్డంగా ఊపారు.

"వాడు నీకు అన్న అవుతాడమ్మా" అన్నారు.

"మా ఇద్దరికీ రక్తసంబంధమే లేదు కదా పెదనాన్నా."

"రక్తం సంగతి డాక్టర్లు చూసుకుంటారు. వరస సంగతి మనం చూసుకోవాలి."

సంగతేమిటంటే, అదే ఇంట్లో ఇందుమతికి ఒక చిన్నాన్న కూడా ఉన్నాడు. ఆయన భార్య వర్ధనమ్మ. ఈ వర్ధనమ్మ అక్క కొడుకే సుధీంద్ర. అంటే అతనికి ఆవిడ తల్లి చెల్లెలు, కనుక పిన్ని. ఇందుమతికి ఆవిడ చిన్నాన్న పెళ్లాం, కనుక పిన్ని. ఇద్దరూ ఒకే మనిషిని పిన్నీ అని పిలుస్తారు కనుక ఇద్దరూ అన్నాచెల్లెళ్లు. కొట్టివేతలు లేని లెక్క. తల్లి లేని ఇందుమతికి జడలు వేసి, జ్వరాలు కాచి, చారన్నం కలిపి పెట్టి పెంచింది ఆ వర్ధనమ్మే. "నా పెళ్లి జరక్కుండా ఉన్నా బావుండిపోయేది, మీ ఇద్దరి నెత్తిన కూచున్నాను" అని ఆవిడ కొంగుతో కళ్లు ఒత్తుకునేది. సోమశంకరం గారు ఈలోగా ఇంకో సంబంధం ఖాయం చేసేశారు. త్వరలో మన రాష్ట్రానికి రాబోతున్న హోల్మార్క్ రాజుగారు తిరిగి అటు విమానం ఎక్కగానే ఇటు తాంబూలాలు అన్నారు. కనుక ఆ రాజుగారి రాక కోసం రాష్ట్రమంతా ఎదురు చూస్తుంటే, ఆయన విమానానికి ఏదన్నా అయితే బావుండునని కోరుకున్నది ఇందుమతి ఒక్కతే.

ఉత్తర ఐరోపాలో ఎక్కడో మంచు మూల ఉన్న చిన్న రాజ్యం హోల్మార్క్. పూర్వం వాళ్ల వర్తకులు మన తీరంలో కొట్లు పెట్టుకుని, మిరియాలు కొనుక్కుని, విరేచనాలతో పోయి ఇక్కడే సమాధులయ్యారు. ఆ సమాధులు చూడడానికి రాజు అగస్టీను, రాణి ఎలెనోరా వస్తున్నారు. వారి వంశ పరిచయం ఒక చిన్న పుస్తకంగా తెలుగులో వేయాలని నిర్ణయమైంది. శాఖ ప్రచురణల్లో ఇంగ్లీషు మాట ఒక్కటి కనబడినా సంబంధిత సిబ్బందిని ఇంటికి పంపుతామని అంతకు ముందే ఒక ఉత్తర్వు ఉంది. ఎంబసీ పంపిన కాగితంలో ఉన్న వాక్యం ఇది: రాజదంపతులు పరస్పరం కజిన్లు.

ఇందుమతి కలం ఆగిపోయింది. ఎంబసీకి ఫోన్ చేసింది. అక్కడి కార్యదర్శి మర్యాదస్తుడు.

"వాళ్లిద్దరూ ఏ వైపు నుంచి కజిన్లండీ?" అని అడిగింది. "తల్లి వైపా, తండ్రి వైపా?"

"అన్ని వైపులా" అన్నాడతను.

"ముందు దగ్గర వైపు చెప్పండి."

"ఇద్దరి తల్లులూ సొంత అక్కాచెల్లెళ్లు. రాణిగారి తల్లి చిన్నావిడ. ఎందుకు అడుగుతున్నారు?"

ఎందుకో చెబితే అతనికి నిద్ర పట్టదని ఆమె ఫోన్ పెట్టేసింది. తరవాత, కొంచెం కసిగానే అనుకోండి, స్పష్టమైన తెలుగులో రాసేసింది: రాణిగారు రాజుగారికి స్వయానా పిన్నిగారి కూతురు.

సోమశంకరం గారు ఆ వాక్యం దగ్గరకు రాగానే కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నారు. వాక్యం అలాగే ఉంది.

"మిస్ ఇందుమతీ" అన్నారు. "ఇందులో మీరు రాసిన దాని ప్రకారం వీళ్లిద్దరూ ఏమవుతారు?"

"అన్నాచెల్లెళ్లు సార్."

"మరి పిల్లలు?"

"ముగ్గురు సార్."

ఆయన మంచినీళ్లు తాగారు. బాధ ఆయనకు నిజంగానే కలిగింది, అబద్ధం చెప్పకూడదు. పైగా శాఖకు ఒక నియమం ఉంది. భార్యతో కలిసి వచ్చే ఏ దేశాధినేతకైనా మన సంప్రదాయం ప్రకారం దంపతి సత్కారం చేయాలి. పీటల మీద కూర్చోబెట్టి, పసుపుబట్టలు పెట్టి, ముత్తైదువలు మంగళహారతి ఇవ్వాలి. మంత్రిగారు ఇప్పటికే బహిరంగ సభలో ప్రకటించేశారు. ఇప్పుడు ఒక అన్ననీ చెల్లెల్నీ పీటల మీద కూర్చోబెట్టి హారతి ఇస్తే, చూసిన ఆడవాళ్లు పళ్లేలు కింద పడేసి లేచిపోతారు.

"పోనీ కజిన్ అనే వేసేద్దాం సార్" అంది ఇందుమతి.

"ఉత్తర్వు ఉల్లంఘించమంటారా?"

ఏం చేయాలో తెలియనప్పుడు ప్రభుత్వం ఏం చేస్తుందో అదే చేసింది. రాజవంశ వరసల నిర్ధారణ సంఘం ఏర్పడింది. అధ్యక్షులు సోమశంకరం గారు. న్యాయ సలహాదారు దక్షిణామూర్తి గారు సభ్యులు. విందుల విభాగం అధికారి జోగినాథం గారు కూడా సభ్యులే, ఎందుకంటే ఏ సంఘంలోనైనా టిఫిన్ల సంగతి చూసేవాడు ఒకడుండాలి. ఇందుమతి లేఖకురాలు.

ఎంబసీ వారు వంశవృక్షం పంపారు. దాన్ని సమావేశపు బల్ల మీద పరిస్తే నాలుగు పక్కలా కిందికి వేళ్లాడింది. వరండాలో పరిస్తే మలుపు తిరగవలసి వచ్చింది. చివరికి ఉద్యోగుల క్లబ్బులోని బ్యాడ్మింటన్ హాల్లో నెట్టు పీకేసి పరిచారు. అయినా వంశంలో ఒక కొమ్మ తలుపు దాటి సైకిల్ స్టాండులోకి వెళ్లింది. సభ్యులు చెప్పులు విప్పి వంశంలోకి దిగారు.

"మొదట మూలపురుషుణ్ణి పట్టుకుందాం" అన్నారు దక్షిణామూర్తి గారు, ఒక రాజు మీద మోకాళ్లు ఆనించి కూర్చుంటూ. "ఈయన పుట్టింది ఎక్కడ అంటారూ, జర్మనీ సంస్థానంలో. హోల్మార్క్‌లో కాదే?"

ఇందుమతి చదివి చెప్పింది. హోల్మార్క్‌లో పాత వంశం నిర్వంశమైతే, అక్కడి పెద్దలు ఊరూరా తిరిగి, ఖాళీగా ఉన్న ఒక జర్మనీ రాకుమారుణ్ణి తెచ్చుకుని కిరీటం పెట్టారు.

"అంటే ఇల్లరికం" అన్నారు సోమశంకరం గారు.

"పిల్ల ఎవరండీ మరి? పిల్ల లేకుండా ఇల్లరికం ఏవిటి?" అన్నాడు జోగినాథం.

"దేశానికే ఇల్లరికం వచ్చాడు. రాసుకోండి."

ఆ ఇల్లరికపు రాజు రష్యా పిల్లని చేసుకున్నాడు. వాళ్ల కొడుక్కి గ్రీసు నుంచి కోడలు వచ్చింది. ఆ గ్రీసు పిల్లకి గ్రీసు భాష రాదు, ఎందుకంటే ఆవిడ తండ్రి డెన్మార్క్ నుంచి అక్కడికి ఇల్లరికం వెళ్లినవాడు. ఆవిడ తల్లి మళ్లీ జర్మనీ. తరవాతి తరంలో స్పెయిన్ నుంచి ఒక పిల్ల, ఆ పిల్ల తాత ఫ్రాన్సు. ఇలా కాగితమంతా మోకాళ్ల మీద పాకినా హోల్మార్క్‌లో పుట్టిన అయ్యకీ అమ్మకీ పుట్టిన మనిషి ఒక్కడు తగల్లేదు. దక్షిణామూర్తి గారికి పట్టుదల వచ్చింది. భూతద్దం తెప్పించి వెతికితే, మూలలో ఒక రాజు బొమ్మ పక్కన మాత్రం ఆ దేశపు పుట్టుక అని రాసి ఉంది. తీరా చూస్తే అది ఆయన ఎక్కిన గుర్రం గురించి.

"ఇంటిపేరు కూడా మారినట్టుందండీ" అన్నారాయన. "యుద్ధానికి ముందు ఒక పేరు, యుద్ధం తరవాత ఒక పేరు."

"శత్రుదేశపు పేరు అయిపోయిందని మార్చుకున్నారటండి. వాళ్లుంటున్న కోట పేరే ఇంటిపేరుగా పెట్టుకున్నారు" అంది ఇందుమతి.

"గెజిట్‌లో వేయించారా?"

"గెజిట్ వాళ్లదేనండి."

జోగినాథానికి చెమటలు పట్టాయి. హోల్మార్క్ వంటకాలని ఎండు చేపలూ పుల్లటి క్యాబేజీ తెప్పించి ఉంచాడు పాపం. ఇప్పుడు రాజుగారిలో ఆ దేశపు రక్తమే లేదంటున్నారు. రక్తాన్ని బట్టి వడ్డించాలంటే సగం విస్తరి జర్మనీకి వెళ్లిపోతుంది, పచ్చడి చోట రష్యా, నెయ్యి పడే చోట స్పెయిన్. "ఎండు చేప ఎక్కడ పెట్టమంటారు సార్?" అని అడిగాడు. గుర్రానికి పెట్టమన్నారు దక్షిణామూర్తి గారు.

మధ్యలో ఒక యుద్ధం తగిలింది. హోల్మార్క్ రాజూ, పొరుగు దేశపు చక్రవర్తీ ఏళ్ల తరబడి కొట్టుకుని లక్షల మందిని పొట్టన పెట్టుకున్నారు. కారణాలు చరిత్రకారులకు ఇప్పటికీ అంతుపట్టలేదని ఎంబసీవారు కింద రాశారు. సోమశంకరం గారు ఇద్దరి భార్యల పేర్లూ చూశారు. అక్కాచెల్లెళ్లు.

"తోడల్లుళ్లయ్యా" అన్నారు. "అత్తారింట్లో ఒకడికి వెండి కంచం పెట్టి ఉంటారు, ఒకడికి మామూలు కంచం. ఇందులో అంతుపట్టకపోవడానికేముంది?"

సభ్యులందరూ ఒప్పుకున్నారు. చాలాసేపు ఎవరి తోడల్లుడి సంగతులు వారు చెప్పుకున్నారు. ఆ పూట సంఘం చేసిన పనిలో అందరికీ బాగా అర్థమైంది అదొక్కటే.

అసలు పని మాత్రం తెమల్లేదు. రాజుకీ రాణికీ అన్నాచెల్లెళ్లు కాని దారి ఒకటి కావాలి. ఇన్ని వైపుల చుట్టరికం ఉన్నప్పుడు ఏదో ఒక వైపు బావామరదళ్లు కాకపోతారా అని వాళ్ల ఆశ. రెండో దారిన వెళ్లారు. రాణిగారి తాతా, రాజుగారి ముత్తాతా అన్నదమ్ములని తేలింది. ఆ లెక్కన రాణిగారు రాజుగారికి మేనత్త. మూడో దారి రష్యా మీదుగా వెళితే అమ్మమ్మ అయింది. సైకిల్ స్టాండు దారిన వెళ్లిన జోగినాథం వెనక్కి వచ్చి, అటునుంచి చూస్తే రాజుగారే రాణిగారికి మనవడి కొడుకు అవుతున్నాడని మెల్లగా చెప్పాడు.

"చాలు" అన్నారు సోమశంకరం గారు. "ఇంక వెతక్కండి. చెల్లెలే నయం."

అప్పుడు దక్షిణామూర్తి గారు గొంతు సవరించుకున్నారు. న్యాయ సలహాదారు గొంతు సవరించుకుంటే ఎవరికో ఒకరికి మూడిందన్నమాటే. "మన ఇళ్లల్లో వరస కుదరకపోతే ఏం చేస్తాం? పిల్లని వేరే ఇంటికి దత్తత ఇస్తాం. దత్తత వెళ్లిన పిల్లకి పుట్టింటి వరసలు ఉండవు, పెంచుకున్న వాళ్ల వరసలే. రాణిగారిని ఎవరైనా తెలుగు దంపతులు దత్తత తీసుకుంటే రాజుగారికి ఆవిడ చెల్లెలు కాదు. మనం నిశ్చింతగా హారతి ఇవ్వొచ్చు" అన్నారు.

"ఎవరు తీసుకుంటారండీ?"

"హోదాకి తగినవారు ఉండాలి. శాఖాధిపతి అయితే సమంజసం."

సోమశంకరం గారు కాదనలేకపోయారు. పిల్లలు లేని మనిషి, కూతురు రాణి అవుతుందంటే ఎవరికి చేదు. ఎంబసీకి ఉత్తరం వెళ్లింది. రాణిగారు గౌరవ డాక్టరేటులాగా ఇదొక గౌరవ కుమార్తె పట్టా కాబోలనుకుని సంతోషంగా ఒప్పుకున్నారు. ఒక బుధవారం మధ్యాహ్నం భోజనాల వేళకు హోల్మార్క్ మహారాణి చెన్నాప్రగడ వారి ఆడపడుచు అయిపోయింది.

ఇందుమతి ఆ రోజు ఇంటికెళ్లి పెదనాన్నని నిలదీసింది.

"సొంత పిన్ని కూతుర్ని కట్టుకున్నవాడికి మీరు దారి వెతికారు. మాకెందుకు వెతకరు? సుధీంద్రనీ ఎవరికైనా దత్తత ఇప్పించండి."

"వాళ్లు రాజులు తల్లీ. ముగ్గురు పిల్లలున్నారు. వాళ్లకి జరిగిపోయింది కనుక సర్దుతున్నాం. నీకింకా జరగలేదు."

"అంటే ముందు పెళ్లి చేసుకుని తరవాత రమ్మంటారా?"

ఆయన పేపరు తిరగేశారు. వంటింట్లో వర్ధనమ్మ పోపు మాడిపోయింది.

దత్తతతో కథ అయిపోతుందనుకున్నారు గాని, కూతురు వస్తే ఊరికే వస్తుందా, అల్లుణ్ణి తెస్తుంది. రాజుగారు ఇప్పుడు అతిథి కాడు, శాఖకు అల్లుడు. అతిథి మర్యాదలు వేరు, అల్లుడి మర్యాదలు వేరు. పాత కార్యక్రమం చించేసి కొత్తది రాశారు. విమానాశ్రయంలో కాళ్లు కడగాలి. బావమరిది హోదాలో ఒక అధికారి చెప్పులు దాచాలి. దంపతి సత్కారానికి ముందు అలక పాన్పు ఉండాలి. అల్లుడు మంచమెక్కి అలిగి ఏదో ఒకటి కోరాలి, మామగారు ఎట్టి పరిస్థితుల్లోనూ తీర్చాలి. ఆ ఎట్టి పరిస్థితుల్లోనూ అనే ముక్క దక్షిణామూర్తి గారు తన చేత్తో చేర్చారు. మంత్రిగారు సంతకం పెట్టారు.

రాజుగారు రానే వచ్చారు. పొడుగ్గా, సన్నగా, ఎవరు ఎక్కడ నిలబడమంటే అక్కడ నిలబడే మనిషి. పుట్టినప్పటి నుంచీ అదే ఉద్యోగం మరి. కాళ్లు కడుగుతుంటే బుద్ధిగా చాపాడు. చెప్పులు దాచేస్తే అడక్కుండా సాక్సులతో నడిచాడు. అనువాదానికి ఇందుమతి పక్కనే ఉంది.

సత్కారానికి ముందు విడిది గదిలో ఆమె ఆయనకు విషయం వివరించవలసి వచ్చింది.

"తమరు ఇప్పుడు మంచం మీద పడుకుని అలగాలి ప్రభూ."

"ఎవరి మీద?"

"మా పెదనాన్నగారి మీద. ఏమన్నా కోరుకోవాలి కూడా."

రాజుగారు అలవాటుగా నవ్వారు. "నాకు అలగడం రాదమ్మా" అన్నారు. "చిన్నప్పుడు ఒప్పుకునేవారు కాదు. మా దేశంలో నన్ను పరాయివాడంటారు, అందుకని ఎప్పుడూ నవ్వుతూ ఉండాలని నేర్పారు. మా తాతల దేశానికి వెళితే అక్కడా పరాయివాడినే. ఏదన్నా కోరితే, నీదేం హక్కంటారేమోనని ఎప్పుడూ ఏదీ కోరలేదు."

ఆ మాటకి ఇందుమతికి ఆయన మీద జాలేసింది. దాంతోపాటు తన మీద తనకూ జాలేసి కళ్లమ్మట నీళ్లు వచ్చేశాయి. రాణిగారు చూసి దగ్గర కూర్చోబెట్టుకున్నారు. దత్తత వల్ల నేను నీకు అక్కనే కదా, చెప్పమన్నారు. ఇందుమతి చెప్పింది. పిన్ని సంగతి అర్థం కావడానికి రాణిగారికి కాగితం మీద బొమ్మ వేయాల్సి వచ్చింది. అర్థమయ్యాక ఆవిడ మొగుడి వంక చూసింది.

"అతనికీ ఈ పిల్లకీ రక్తంలో ఏ సంబంధమూ లేదా?"

"ఏమీ లేదండి."

"మనకి ఎన్ని వైపుల ఉంది అగస్టీన్?"

"నువ్వు లెక్కపెట్టవద్దన్నావు కదా" అన్నారు రాజుగారు.

సభాప్రాంగణం కిటకిటలాడుతోంది. సుధీంద్ర వేదిక చుట్టూ బంతులూ చామంతులూ కట్టించి ఒక పక్కన నిలబడి ఉన్నాడు. రాజుగారు పట్టెమంచం ఎక్కి, సోమశంకరం గారి వైపు వీపు పెట్టి, గోడకేసి తిరిగి పడుకున్నారు. అలగడం రాదన్న మనిషి, జీవితకాలం దాచిపెట్టుకున్నదంతా ఒక్కసారి అలిగాడు. రెండు వెండి గ్లాసులు తెస్తే చూడలేదు. పట్టుపంచె తెస్తే తన్నాడు. జనం మురిసిపోయారు. "అచ్చం మన మూడో అల్లుడిలాగే ఉన్నాడే" అంది ముందు వరసలో ఒకావిడ.

"అల్లుడుగారి కోరిక ఏమిటో అడగండి" అన్నారు సోమశంకరం గారు, చెమట తుడుచుకుంటూ.

రాజుగారు లేచి కూర్చుని సుధీంద్ర వైపు చెయ్యి చాపి చెప్పారు. ఇందుమతి మాట మాటకీ తడబడుతూ అనువదించింది. "ఆ పూలు కట్టిన అబ్బాయి నా తమ్ముడు. నా భార్య చెల్లెల్ని అతనికి ఇచ్చి చేయమని కోరుతున్నాను." తన సంబంధం తానే తెలుగులోకి అనువదించిన పెళ్లికూతురు అంతకు ముందు ఎక్కడా ఉండి ఉండదు.

సోమశంకరం గారు దక్షిణామూర్తి గారి చెవిలోకి వంగారు. "తమ్ముడేవిటయ్యా? వాడు మన ఉద్యానవన శాఖ."

"దేశాధినేత చుట్టరికం చెబితే సాక్ష్యం అడక్కూడదు సార్. పైగా ఆ వంశవృక్షం చివరిదాకా మనం చూడలేదు. సైకిల్ స్టాండు అవతల ఎటు పోయిందో ఎవరికి తెలుసు?"

"అన్నదమ్ములకి అక్కాచెల్లెళ్లని ఇవ్వడం మంచిదేలే. కాని వర్ధనమ్మ మాటేవిటి? వాడికి ఆవిడ పిన్ని. ఇందుమతికీ పిన్ని. వరస చెల్లదు. చెల్లదని చెప్పేయండి."

దక్షిణామూర్తి గారు వేళ్ల మీద ఏదో లెక్క వేసుకుని పాలిపోయారు. "సార్, ఆ అబ్బాయి రాజుగారి తమ్ముడైతే, ఆ అబ్బాయి పిన్ని రాజుగారికీ పిన్నే. ఆవిడ భర్త మీ తమ్ముడు. కనుక మీరు రాజుగారికి పెదనాన్న. మీ కూతురు రాణిగారు. అంటే..."

"మళ్లీ చెల్లెలేనా?"

"మళ్లీ చెల్లెలే సార్."

పీటలు వేసి ఉన్నాయి. ముత్తైదువలు పళ్లేల్లో కర్పూరం వెలిగించేశారు, అది చకచకా కరిగిపోతోంది. మంత్రిగారు వేదిక మీద నుంచి ఇటు చూస్తున్నారు. పిన్ని నిలిస్తే రెండు పెళ్లిళ్లూ చెల్లవు. పిన్ని పోతే రెండూ చెల్లుతాయి. సోమశంకరం గారు ఇందుమతి వంక చూశారు. ఆ పిల్ల చిన్నప్పుడు బడికి వెళ్లనని గుమ్మం పట్టుకుని నిలబడినప్పుడు ఎలా చూసేదో అలాగే చూస్తోంది. పెదనాన్న గొంతుతో ఏం చెప్పాలో ఆయనకు తెలియదు, డైరెక్టరు గొంతుతోనే మాట్లాడారు.

"రాసుకోండి మిస్ ఇందుమతీ. ప్రజాప్రయోజనం దృష్ట్యా, చెన్నాప్రగడ వర్ధనమ్మ అను ఆమె ఈ తేదీ నుండి ఎవరికిని పిన్ని కాదని ఇందుమూలముగా ప్రకటించడమైనది. ఆమె ద్వారా లెక్కించబడు వరసలన్నియు రద్దు."

హారతి ఇచ్చారు. బ్యాండు వాయించారు. రాజుగారు సుధీంద్రని కౌగిలించుకుంటే ఫొటో పేపర్లలో పడింది. విమానం అటు ఎక్కగానే ఇటు తాంబూలాలు అన్న మాట సోమశంకరం గారు నిలబెట్టుకున్నారు, కాకపోతే అవతల పెళ్లికొడుకు మారాడు.

పెళ్లి పొద్దున్న, ముహూర్తానికి ముందు ఇందుమతి విడిది ఇల్లంతా వెతికింది. వర్ధనమ్మ ఆడపెళ్లివారిలో లేదు. మగపెళ్లివారి గదిలో తన అక్క పక్కన, కొత్త చీర కట్టుకుని, బిగదీసుకుని కూర్చుని ఉంది.

"ఇక్కడ కూచున్నావేమిటి పిన్నీ?"

"పిన్ని ఎవరే? ఉత్తర్వు నీ చేత్తోనే రాశావు కదా" అంది వర్ధనమ్మ. "మీ ఇంట్లో నాకే చుట్టరికమూ లేదు. ఇక్కడ మా అక్క ఉంది కనుక ఇక్కడ కూచున్నాను. నీకు అత్తగారి చెల్లెల్ని. అత్తయ్యా అను."

ఇందుమతి అందామని నోరు తెరిచింది. మాట రాలేదు. ఊహ తెలిసినప్పటి నుంచీ అమ్మా అనవలసిన చోటల్లా అన్నది ఆ ఒక్క మాటే. కోరుకున్న మొగుడు దొరికాడు, అడిగినదంతా జరిగింది, ఆ మాట మాత్రం పోయింది. ఆమె అక్కడే చతికిలబడి ఏడ్చింది.

వర్ధనమ్మ ఆమెను దగ్గరకు లాక్కుని, జారిపోతున్న జడ విప్పి మళ్లీ అల్లడం మొదలుపెట్టింది. "ఊరుకో, కాటుక పోతుంది. సాయంత్రం ఆఫీసులు మూసేశాక అనుకుందువుగాని. అప్పుడు ఉత్తర్వులు ఎవడు చూస్తాడు?" అంది.

ముహూర్తం పదకొండింటికి. ఆఫీసులు మూయడానికి ఇంకా చాలా పొద్దుంది. ఇందుమతి పీటల మీద కూర్చున్నంతసేపూ ఏడుస్తూనే ఉంది. పెళ్లికూతురు ఏడవడం మామూలే కదా అని ఎవరూ కారణం అడగలేదు.